అటు తిరిగి అడగాల్సిన ప్రశ్నలు

మా కాలేజీలో నా తర్వాత చదివిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. బడుల్లో కౌన్సెలర్లుగా చేరిన కొత్తలో అందరూ అడిగేది ఒకటే: "అక్కా, పిల్లల సెన్సిటివిటీ కొలిచే ఫారం మీ దగ్గర ఉందట కదా, పంపరా?" పంపుతాను. దాంతోపాటు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. అది ఫోన్లో చెప్పలేక ప్రతిసారీ మింగేస్తున్నాను. ఇప్పుడు పాప నిద్రపోయింది కనుక రాసేస్తాను.

ముప్పై నిండకముందే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం నాకే నవ్వు తెప్పిస్తోంది. నేను చేసిన ఉద్యోగమంతా కలిపి పద్నాలుగు నెలలు. బాన్సువాడలో, బీర్కూర్ రోడ్డు వైపు ఉన్న ఒక ప్రైవేటు బడిలో కౌన్సెలర్‌ని. పిట్లంలో పుట్టి, నిజామాబాద్‌లో సైకాలజీ చదివి, పెళ్ళయి బాన్సువాడ వచ్చాను. చదువుకు తగిన పని నడిచి వెళ్ళేంత దూరంలో దొరకడం అదృష్టమని ఇంట్లో అందరూ అన్నారు. సైన్సు ల్యాబు పక్కన సామాన్లు పెట్టే గదిలో నాకొక బల్ల వేశారు. నా పని ఏమిటో చాలా రోజులు ఎవరికీ అర్థం కాలేదు. పి.టి. సారు మాత్రం "ముచ్చట పెట్టే మేడం" అని తేల్చేశాడు.

ఆ ఏడాది బడిని నడిపే ట్రస్టు వాళ్ళు ఒక కొత్త ఏర్పాటు తలపెట్టారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే మిగతావారికంటే ఎక్కువ సున్నితంగా ఉంటారు. చప్పుడు, వెలుగు, వాసన వాళ్ళకు గట్టిగా తగులుతాయి. ఎదుటివాళ్ళ ముఖంలో చిన్న మార్పు వచ్చినా కనిపెడతారు. ఒక మాట విన్నాక దాన్ని లోపల చాలాసేపు తిప్పుకుంటూ ఉంటారు. ఇది జబ్బు కాదు, పిరికితనం కాదు, గారాబమూ కాదు. కొందరు పొడుగ్గా ఉన్నట్టే ఇదొక తీరు. అనువైన చోట పెడితే ఈ పిల్లలు బాగా రాణిస్తారు, లేకపోతే అందరికంటే ముందు వాడిపోతారు. అలాంటి పదిహేను మందిని ఎంచి, వెనక భవనంలోని చిన్న గదిలో వేరే తరగతి పెట్టాలన్నది ఆలోచన. అక్కడికి మైకు చప్పుడు రాదు, గంట వినబడదు. అన్ని పాఠాలకూ ఒకే టీచరు. పిల్లలను ఎంచే పని నాది. తరగతి మొదలుకాకముందే పి.టి. సారు దానికి పేరు పెట్టేశాడు, దూది క్లాసు అని.

ఎంచడానికి ఒక ఫారం ఇచ్చారు. ముప్పై ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 'అస్సలు కాదు' నుంచి 'పూర్తిగా అవును' దాకా అయిదు మెట్లు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటే వారం రోజులు కూర్చుని తెలుగు చేశాను. చిన్నపిల్లలు కనుక ప్రశ్న నేను చదవాలి, పిల్లలు నోటితో చెప్పాలి, నేను గుర్తు పెట్టాలి. పక్కన తల్లో తండ్రో ఉండాలి, చివర సంతకం చేయాలి. ఇది ట్రస్టు నియమం.

టీచర్లు అనుమానించి ఇచ్చిన పేర్లు అరవై వచ్చాయి. అందులో మొదటి పేరు ఏడో తరగతి అమ్మాయిది. ఇచ్చింది మా తెలుగు టీచరు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని.

"నేను ఇంట్ల కొట్లాడి వచ్చిన రోజు గీ పొల్లకు ఎట్లనో ఎర్కయితది," అంది అక్క. "గారోజు నోటుబుక్కులు చప్పుడు చెయ్యకుంట పెట్టి పోతది. మా ఇంట్లాయనకు ఇరవై ఏండ్లయినా తెల్వలే గా సంగతి."

"అక్కా, అది మన అభిప్రాయం. ఫారంలో వస్తేనే లెక్క," అన్నాను.

"నీ ఫారం కంటె ముందుగాల నేను పుట్టిన తల్లీ," అని ఆమె చాక్‌పీసు డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయిని నేనూ గమనించాను. గంట కొట్టే ముందు చెవుల మీదికి చేతులు వెళ్ళేవి. పొద్దున ప్రార్థనలో మైకుకు దూరంగా, చివరి వరుసలో నిలబడేది. భోజనాల హాల్లో ఆ గోలకు తినలేక టిఫిన్ డబ్బా సగం అలాగే మూసేసేది. వారానికి రెండుసార్లు తలనొప్పని ఇంటికి పోయేది. టీచర్లలో సగం మంది అది నఖరా అనుకునేవారు.

ఒకరోజు నా గదికి రిజిస్టరు తెచ్చింది. వెళ్ళబోతూ ఆగి, "మేడం, మీరు కిటికీ కాడికి జరుగుండ్రి. ఇప్పుడు వరండాల ఫినాయిల్ కొడ్తరు," అంది.

అప్పటికి నాకు మూడో నెల. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫినాయిల్ వాసనకు కడుపులో తిప్పుతోందని బడిలో ఎవరితోనూ అనలేదు.

"నీకెట్ల తెలుసు?"

"నిన్న ఫినాయిల్ కొట్టంగ మీరు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నరు," అని, ఏదో తప్పు చేసినట్టు గబగబా వెళ్ళిపోయింది.

కొలవడానికి వచ్చిన మనిషిని నేను. కొలవాల్సింది నా ఎదుట నిలబడి మాట్లాడి పోయింది. నేనేమో మంచి పిల్ల అనుకుని కిటికీ దగ్గరకు జరిగి, ఫారాలకు క్లిప్పులు పెట్టుకున్నాను.

పగటిపూట తల్లులు బడికి రాలేరు. సగం ఇళ్ళలో బీడీల పని, మిగతా వాళ్ళు పొలాల్లో. హెడ్మాస్టరు శనివారానికల్లా జాబితా పంపాలన్నారు. నేనే ఇళ్ళకు వెళ్ళి ఫారాలు నింపాలని నిర్ణయించుకున్నాను. ఎంత శ్రద్ధగల ఉద్యోగినో అని నా మీద నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట వల్లే తర్వాతిదంతా జరిగింది.

ఆ అమ్మాయి ఇల్లు ఒకే గది, ముందు చిన్న వరండా. తల్లి వరండాలో గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన ఆకులు. ఆకు తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ కలిసి ఒకే కదలికలా సాగిపోతున్నాయి. చూపు మాత్రం నా మీదే ఉంది.

"ఇగో మేడం, గీ చాప మీద కూసోండ్రి. చాయ్ పెట్టమంటరా?"

ఒద్దన్నాను. తంబాకు ఘాటుకు నా గొంతు పట్టేసింది. అమ్మాయి మా ఇద్దరి మధ్య కూర్చుంది. నేను మొదలుపెట్టాను.

"ఘాటైన వాసనలు వస్తే నీకు ఇబ్బందిగా ఉంటుందా?"

తల్లి చేతులు ఆగాయి. అమ్మాయి ఆ చేతుల వైపు చూసింది.

"లేదు మేడం. అలవాటే."

చేతులు మళ్ళీ కదిలాయి. నేను 'అస్సలు కాదు' దగ్గర గుర్తు పెట్టాను.

"ఎవరైనా గట్టిగా అరుచుకుంటుంటే అక్కడినుంచి వెళ్ళిపోవాలనిపిస్తుందా?"

మళ్ళీ చేతులు ఆగాయి. "లేదు మేడం."

"ఎదుటివాళ్ళు బాధలో ఉంటే, చెప్పకముందే నీకు తెలుస్తుందా?"

ఈసారి తల్లి నవ్వింది. "ఒకల మనసుల ఏమున్నదో దీనికేం తెలుస్తది మేడం. దీని చెప్పులు యాడ ఇడిసిందో దీనికే తెల్వది."

అమ్మాయి కూడా నవ్వింది. "తెల్వదు మేడం," అంది.

ముప్పై ప్రశ్నలూ అలాగే నడిచాయి. చేతులు ఆగడం నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఫారం చివర 'ఇతర విషయాలు' అన్నచోట "తల్లి శ్రద్ధగా విన్నది" అని రాసుకున్నాను. తల్లి సంతకం పెడుతూ అడిగింది: "ఏం లేదు గదా మేడం? మా అత్తమ్మ ఇప్పటికే పిల్లకు గాలి సోకిందంటది."

"ఏమీ లేదమ్మా," అన్నాను. ఆమె ముఖం తేటపడింది. అది చూసి అమ్మాయి ముఖం కూడా తేటపడింది. నేను సంతోషంగా ఇంటికొచ్చాను.

అరవై ఫారాల్లో అన్నిటికంటే తక్కువ మార్కులు ఆ అమ్మాయివే.

మీరు ఫారం పట్టుకునే ముందు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎదుటివాళ్ళ ముఖం చదవగల పిల్లకు, ముఖాల ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే, ఆమె చెప్పేది తన జవాబు కాదు. మనకు కావలసిన జవాబు. ఎంత బాగా చదవగలిగితే అంత బాగా దాచగలదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనైనా ఉండే ఉంటుంది. నేను చదివింది పరీక్షల కోసం కనుక నాకు కనబడలేదు.

పదిహేను మంది దూది క్లాసుకు వెళ్ళారు. ఆ అమ్మాయి వెళ్ళలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఫారంలో ఏమీ లేదని తేలాక టీచర్లకు ఒక భరోసా వచ్చింది. తలనొప్పంటే, "పేపర్ల ఏం రాలే గదా, కూసో," అనేవారు. ఆగస్టు కవాతు రిహార్సల్లో పి.టి. సారు ఆమెను పెద్ద డ్రమ్ము పక్కన నిలబెట్టాడు. చెడ్డమనిషి కాదు. భయం పోగొడదామనుకున్నాడు. మూడోరోజు ఆ అమ్మాయి వరుసలోంచి బయటికి వచ్చి, నల్లాల దగ్గర వాంతి చేసుకుని అక్కడే కూలబడింది.

అక్క తీసుకొచ్చి నా గదిలో కూర్చోబెట్టింది. "జెర సూడు," అని మాత్రం అంది.

గ్లాసుతో నీళ్ళిచ్చాను, తాగింది. అప్పుడు నాకెందుకు తోచిందో తెలియదు. కొత్త ఫారం ఒకటి, పెన్సిలు ఆమె ముందు పెట్టాను. "నేను అటు తిరిగి కూర్చుంటాను. నీ ఇష్టమొచ్చినట్టు పెట్టు. ఇక్కడ ఎవరూ లేరనుకో," అని, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను.

మైదానంలో పిల్లలు వరుసలు సరిచేసుకుంటున్నారు. వెనక పెన్సిలు చప్పుడు మొదట చాలా నెమ్మదిగా ఉంది. తర్వాత ఆగకుండా సాగింది. అరగంటకు "అయిపోయింది మేడం," అంది. తిరిగి చూస్తే, వాసనల ప్రశ్న దగ్గర 'పూర్తిగా అవును' మీద పెన్సిలు ఎంత గట్టిగా నొక్కిందో, కాగితం చిరిగింది.

ఈసారి అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఆమెవి.

మర్నాడే ఆ కాగితం హెడ్మాస్టరుకు ఇచ్చాను. ఆయన చదివి, తల్లిని పిలిపించమన్నారు. నాలుగు రోజులకు ఆమె వచ్చింది. కూతురిని పక్కన నిలబెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. హెడ్మాస్టరు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"అమ్మా, మీ బిడ్డవి రెండు పేపర్లున్నయి. ఒకదాంట్ల ఏం లేదని ఉన్నది. ఇంకోదాంట్ల అందరికన్న ఎక్కువున్నదని ఉన్నది. రెండూ కరెక్టెట్లయితయి?"

"నాకేం తెలుసు సార్. నా బిడ్డకైతే ఏం లేదు. మొన్న ఎండల నిలబడ్డది, గందుకు వాంతులైనయి."

"ఇది రోగం కాదమ్మా," అన్నాను. "గోల లేని గదిలో కూర్చుంటే బాగా చదువుకుంటుంది, అంతే."

"రోగం కాకుంటె వేరే గదిల ఎందుకు కూసోవెడ్తరు మేడం?" ఆమె గొంతు పెంచలేదు. "మా వాడకట్టుల అప్పుడే అంటున్నరు, దూది క్లాసంట గదా అని. రేపు ఈమెకు సంబంధం జూస్తె గదే ముచ్చట ముందుగాల వస్తది. మీరు రాసిచ్చి పోతరు. మోసేది మేము."

హెడ్మాస్టరు నా వైపు తిరిగారు.

"మేడం, నేను మీ కోసమే చెప్తున్న. మొదటిది తప్పంటే, మీరు తీసిన అరవై పేపర్లు తప్పే అంటరు ట్రస్టోళ్ళు. మీ కాంట్రాక్టు వాళ్ళ చేతుల్నే ఉన్నది. పైగా మీరు ఇప్పుడు గీ పరిస్థితిల ఉన్నరు." తర్వాత అమ్మాయిని అడిగారు. "చెప్పు బిడ్డా. నువ్వే చెప్పు. ఏది కరెక్టు?"

ఆమె మొదట తల్లిని చూసింది. తర్వాత హెడ్మాస్టరును. తర్వాత నన్ను. అప్పటికి నాకు అయిదో నెల. ఉద్యోగం మాట వినగానే నా చేయి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. ఆమె చూపు ఆ చేతి మీద ఆగింది.

"మొదటిదే కరెక్టు సార్," అంది. "రెండోది నేను ఊకె రాసిన. గా క్లాసుల మా దోస్తున్నది, గందుకు."

దూది క్లాసులో ఆమెకు దోస్తెవరూ లేరు. ఆ పదిహేను మందినీ ఎంచింది నేనే, నాకు తెలుసు. అబద్ధానికి ఒక కారణం కూడా జత చేస్తే మేం ముగ్గురం తేలిగ్గా నమ్ముతామని ఆమెకు తెలిసింది.

తల్లి ఊపిరి వదిలింది. హెడ్మాస్టరు రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చారు. నేను చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. "సార్, ఆమె మన కోసం అబద్ధం చెప్తోంది. మొదటి ఫారం నింపడంలో తప్పు నాది." ఇంతే. నోటిదాకా వచ్చింది. ఇంట్లో అత్తమ్మ మందులు, రాబోయే ఖర్చులు, మా ఆయన దుకాణంలో ఆ నెల బేరాలు లేకపోవడం, ఇవన్నీ కూడా నోటిదాకా వచ్చాయి. నేను కాగితం తీసుకుని లేచాను. తలుపు దగ్గర ఆ అమ్మాయి నాకు దారి ఇచ్చి పక్కకు నిలబడింది.

సాయంత్రం అక్క ఏమైందని అడిగింది. చెప్పాను. చాలాసేపు చాక్‌పీసు ముక్కను వేళ్ళతో నలిపింది. "నువ్వు గట్టిగ ఉండాల్సింది తల్లీ," అంది. తర్వాత, "నేనైనా గంతే చేస్తునేమో," అంది. ఆ రెండో మాట నన్ను ఓదార్చడానికి అన్నది. దాంతో నాకు ఓదార్పు కలగలేదు.

దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్ళాను. మొదటిసారి తాళం వేసి ఉంది. రెండోసారి తల్లి వరండాలోనే ఉంది. "చదువు మీద మనసు లేదంటది మేడం. నేను గూడ ఎంత చెప్పిన," అంది. అబద్ధం చెప్పినట్టు లేదు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. లోపల గదిలో ఎవరో ఆకులు కత్తిరిస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను వచ్చినట్టు తెలిసినా అమ్మాయి బయటికి రాలేదు. నేనూ పిలవలేదు.

నా కాంట్రాక్టును దసరా సమయంలో పొడిగించారు. అరవై కాగితాలూ సరిగ్గానే ఉన్నాయి కదా. జనవరిలో ప్రసవానికి సెలవు పెట్టాను. మార్చిలో ట్రస్టు వాళ్ళు ఆ ఏర్పాటునే మానేశారు. చిన్న గదిలో ఇప్పుడు ఆటసామాన్లు పెడుతున్నారట. నన్ను మళ్ళీ రమ్మనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నా కూతురికి మూడేళ్ళు దాటాయి. మిక్సీ పెడితే ఏడుస్తుందా, కొత్తవాళ్ళొస్తే దాక్కుంటుందా అని రోజంతా కనిపెడుతూనే ఉంటాను. మా అత్తమ్మ "పిల్లను గట్ల సూస్తే దిష్టి తగుల్తది," అంటుంది. నాకు భయం ఆమె సున్నితంగా ఉంటుందేమో అని కాదు. ఉంటే, అది నాకు తెలియకుండా దాచిపెడుతుందేమో అని. నిద్రలో ఉన్నప్పుడు తప్ప ఆమె నా ముఖం చూడకుండా ఉండదు. అందుకే నిద్రపోయాక లేచి వెళ్ళి చూస్తాను. అప్పుడు కూడా ఏమీ తెలియదు.

ఆ అమ్మాయిని నేను చివరిసారి చూసింది పాపకు తొమ్మిది నెలలు నిండినప్పుడు. బస్టాండు వెనక బీడీ కార్ఖానా ముందు ఆడవాళ్ళ వరుస ఉంది. చుట్టిన బీడీలు ఇచ్చి, ఆకు, తంబాకు తీసుకుపోయే రోజు. పాపకు టీకా వేయించుకుని నేను అటుగా వస్తున్నాను. వరుసలో ముక్కుకు, నోటికి దస్తీ కట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమే నన్ను ముందు చూసింది. దస్తీ కిందికి లాగింది.

"పాపనా మేడం?"

"ఆఁ."

దగ్గరకు రాలేదు. ఒంటినిండా తంబాకు వాసన ఉంటుందనేమో, రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. పాపను చూసి కళ్ళతో నవ్వింది. ఎలా ఉన్నావని అడిగాను. మంచిగనే ఉన్న అంది. ఇంకో రెండేళ్ళకు పదో తరగతి ప్రైవేటుగా కట్టవచ్చు, పాఠాలు నేను చెప్తాను అన్నాను. సరే అంది. ఇద్దరికీ తెలుసు అది జరగదని.

వరుస ముందుకు కదిలింది. ఆమె చాటను చంక మార్చుకుంది.

"మేడం, మీ నౌకరి ఉన్నది గదా?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇంతసేపూ ఆగినట్టు అడిగింది.

"ఉన్నది," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. నేను పాప టోపీ సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను.

"మంచిది మేడం," అని, దస్తీ పైకి కట్టుకుని వరుసలోకి వెళ్ళింది.